వెచ్చని చక్రము – చోదకుని చేతులు

మే నెలలో విజయవాడలో నడి ఎండన నిలిపిన కారు నెక్కినవాడు మొట్టమొదట చేయు పని, స్టీరింగు చక్రమును వ్రేలికొనతో తాకి చూచుట. ముందరి అద్దము గుండ ఎండ సూటిగా సోకిన పై భాగము కాలిన పెనమువలె ఉండును. నీడపట్టున ఉన్న క్రింది భాగము కొంత నయము. అందుచేత అతని చేతులు తమంతట తామే క్రిందికి జారును. చక్రమును ఎచ్చట పట్టుకొనవలెనో లైసెన్సు పరీక్షకు ముందు అతడు నేర్చిన పాఠము ఆ నిమిషమున అక్కరకు రాదు. చర్మము చెప్పినట్లే చేతులు నడచును.

కెనడా దేశమందలి విన్నిపెగ్ నగరమున జనవరి తెల్లవారుజామున ఇదే కథ తలక్రిందుగా జరుగును. అచ్చట రాత్రివేళ ఉష్ణోగ్రత సున్నకు 30 డిగ్రీలు దిగువకు పోవుట అరుదు కాదు. ఆరుబయట నిలిపిన కారులోని చక్రము మంచుగడ్డకంటెను చల్లనై ఉండును. ఇంజను వేడెక్కి, ఆ వేడి లోపలి గాలికి అందుటకు చాల నిమిషములు పట్టును. అంతవరకు చేతుల గతి యేమి? ఈ ప్రశ్నకు మోటారు పరిశ్రమ ఇచ్చిన సమాధానమే విద్యుత్తుతో వేడెక్కు స్టీరింగు చక్రము. ఒకప్పుడు ఖరీదైన కార్లకే పరిమితమైన ఈ ఏర్పాటు నేడు చలిదేశములలో సామాన్యమైన కార్లలో కూడ లభించుచున్నది. ఉపకరణము మంచిదే, దాని ప్రయోజనమును శంకింప నక్కరలేదు. కాని దానిని రూపొందించినవారు చోదకుని చేతులను గూర్చి చేసికొన్న ఊహ సరియైనదా, కాదా అనునది విచారింపదగిన విషయము.

చక్రము లోపల ఏమున్నది?

ఇందులో ఇమిడియున్న సూత్రము పాతది. లోహపు తీగలో విద్యుత్తు ప్రవహించినపుడు పుట్టు వేడిమి, ప్రవాహపు వర్గమునకును తీగ నిరోధమునకును అనుపాతముగా ఉండునని జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ 1841లో ప్రకటించెను. ఇస్త్రీపెట్టెయు, నీళ్ళు కాచు హీటరును ఈ నియమము ననుసరించియే పనిచేయును. చక్రపు అంచుపై కప్పిన తోలు క్రింద సన్నని నిరోధపు తీగను గాని, విద్యుత్తు ప్రవహించు పలుచని పొరను గాని పరతురు. ఒక ఉదాహరణ తీసికొనినచో, 12 వోల్టుల బ్యాటరీకి 2 ఓముల నిరోధము గల తీగను కలిపిన 6 ఆంపియర్ల ప్రవాహము కలుగును. 72 వాట్ల వేడిమి పుట్టును. ఒక పాతకాలపు విద్యుద్దీపమునకు పట్టు శక్తికి ఇది ఇంచుమించు సమానము. వేడిమి హద్దు మీరకుండ ఉష్ణోగ్రతను కనిపెట్టుచుండు చిన్న సాధన మొకటి ప్రక్కనే ఉండి, అవసరమైనపుడు ప్రవాహమును ఆపివేయును.

ఆ హద్దు ఎందుకు? చర్మమును కాల్చుటకు నిప్పే అక్కరలేదు. మోరిట్జ్, హెన్రిక్స్ అనువారు 1947లో అమెరికాలో ప్రకటించిన ప్రయోగములను బట్టి, 44 డిగ్రీల వేడి గల వస్తువు చర్మమునకు ఆరు గంటలు ఆనియుండినను గాయము కలుగును. 60 డిగ్రీలైనచో అయిదు సెకనులే చాలును. గంటలకొలది చేతులంటియుండు చక్రమును అందువలననే శరీరపు వేడిమికి సమీపమున మాత్రమే ఉంచవలసియున్నది.

చేతులు వెచ్చగా ఉండుట సుఖముకొరకు మాత్రమే కాదు. చలిలో శరీరము తన లోపలి అవయవముల వేడిని కాపాడుకొనుటకై ముందుగా వ్రేళ్ళకు పోవు రక్తనాళములను ముడుచును. చేతిచర్మపు ఉష్ణోగ్రత సుమారు 15 డిగ్రీలకు దిగినప్పటినుండి వ్రేళ్ళ నేర్పు తగ్గుచు వచ్చును; 8 డిగ్రీల ప్రాంతమున స్పర్శ మొద్దుబారును. మంచు కప్పిన బాటపై చక్రము లోనుండి చేతికి వచ్చు చిన్న అదురే టైరు జారుచున్నదని చెప్పు మొదటి వార్త. మొద్దుబారిన వ్రేళ్ళు ఆ వార్తను వినలేవు. మందమైన చేతితొడుగులు ధరించిన చలి ఆగును గాని, ఆ వార్తయు ఆగును. నునుపైన తోలుపై ఉన్ని తొడుగు జారును కూడ. 1862లో ఫ్రెంచి వైద్యుడు మోరిస్ రేనో వర్ణించిన వ్యాధి గలవారికి కొద్దిపాటి చలికే వ్రేళ్ళు తెల్లబడి తిమ్మిరెక్కును. అట్టివారికి వెచ్చని చక్రము విలాసము కాదు, అవసరము.

అంచు అంతయు వేడెక్కునా?

ఇచ్చటనే చిక్కు మొదలగును. కొన్ని కార్లలో చక్రపు అంచు చుట్టంతయు వేడెక్కును. మరికొన్నిటిలో ఎడమ కుడి వైపుల రెండు తునకలు మాత్రమే వేడెక్కి, పై భాగమును క్రింది భాగమును చల్లగానే ఉండిపోవును. అందముకొరకు అంచులో కొంత మేర నున్నని చెక్క పొదిగిన చక్రములలో ఇది తరచుగా కానవచ్చును. చెక్క మంచి ఉష్ణవాహకము కాదు గనుక దాని అడుగున పెట్టిన వేడి పైకి వచ్చుట కష్టము. అందుచేత తోలు కప్పిన భాగములకే తీగ వేసి ఊరకుందురు. అమ్మకపు జాబితాలో మాత్రము రెండు రకములకును "వేడి స్టీరింగు" అను పేరొక్కటే. ఏ భాగము వేడెక్కునో కారుతో ఇచ్చు పుస్తకమున ఒక బొమ్మలో చూపినను, దానిని కొనుటకు ముందు చదువువారు అరుదు. కొన్న తరువాత మొదటి చలికాలమున చేతులే ఆ సంగతిని కనిపెట్టును.

ఇట్లు రెండు తునకలకే వేడి నిచ్చుటను సమర్థించువారికి రెండు వాదములు కలవు. మొదటిది పొదుపు. రెండవది, చేతులు ఉండవలసిన చోటు అదే అనుట. ఈ రెండింటిని వేర్వేరుగా పరిశీలింపవలెను.

పొదుపు లెక్క

మొదటి వాదములో కొంత నిజము లేకపోలేదు. 38 సెంటీమీటర్ల వ్యాసము గల చక్రపు అంచు చుట్టుకొలత సుమారు 120 సెంటీమీటర్లు. ఒక చేయి దానిలో పది సెంటీమీటర్లను ఆక్రమించునను కొందము. రెండు చేతులును కలిసి కప్పునది ఆరవవంతు మాత్రమే. మిగిలిన అయిదువంతులలో పుట్టిన వేడి గాలిపాలగును. పైన చెప్పిన 72 వాట్లలో 60 వాట్లు చేతి కందకయే పోవుచున్నవన్నమాట. ఇరువైపుల 25 సెంటీమీటర్ల చొప్పున మాత్రమే వేడిచేసినచో 30 వాట్లు చాలును. 42 వాట్లు మిగులును.

ఈ మిగులు ఎంత విలువైనది? పెట్రోలు కారులో ఇంజను వృథాచేయు వేడి అపారము గనుక ఈ లెక్క ఎవరికిని పట్టదు. విద్యుత్తు కారులో ప్రతి వాటును బ్యాటరీనుండి రావలసినదే గనుక అడుగుట న్యాయము. 60 యూనిట్ల విద్యుత్తు పట్టు బ్యాటరీ గల కారులో 42 వాట్లను గంటసేపు మిగిల్చిన, బ్యాటరీలో వెయ్యింట ఒకవంతుకంటె తక్కువ మిగులును. తీవ్రమైన చలిలో లోపలి గాలిని వెచ్చచేయుటకు మాత్రము కొన్ని వేల వాట్లు కావలెను. చేతులును వీపును నేరుగా వెచ్చగా ఉన్నచో గాలిని కొంత తక్కువగా వేడిచేసినను చోదకుడు ఓర్చుకొనగలడు. కావున చక్రమును పూర్తిగా వేడిచేయుటయే పొదుపునకు దారి. గుప్పెడు గింజలు దాచబోయి గాదె తలుపు తెరచినట్లు, వ్రేళ్ళు చల్లబడినవాడు చేయి చాచి గాలిహీటరునే పెంచును. అప్పుడు మిగిల్చిన 42 వాట్లు ఎచ్చట?

గడియారపు పాఠము మారిన విధము

రెండవ వాదము మరింత లోతైనది. దానిని తూచుటకు చక్రపు చరిత్రను కొంత తెలిసికొనవలెను.

తొలి మోటారు బండ్లకు చక్రము లేదు. పడవ చుక్కానివలె ఒక పిడి ఉండెడిది. 1894లో పారిస్ నుండి రూవాఁ నగరమునకు జరిగిన పందెములో ఆల్ఫ్రెడ్ వషెరాన్ అనునతడు తన పనార్ బండికి చక్రమును అమర్చి నడపెను. తరువాత చక్రమే నిలిచినది. ఆ కాలపు చక్రములు పెద్దవి, బరువైనవి. త్రిప్పుటకు భుజబలము కావలెను. చేతులను గడియారపు ముఖమున పది, రెండు అంకెలుండు చోట్ల ఉంచిన, క్రిందికి లాగుటకు శరీరపు బరువు తోడగును. అందుచేత "పది–రెండు" అను పాఠము పుట్టినది. 1951లో అమెరికాలో క్రైస్లర్ ఇంపీరియల్ కారుతో ద్రవపీడన సహాయము గల స్టీరింగు అమ్మకమునకు వచ్చినది. బలముతో పని తగ్గినది; పాఠము మాత్రము అలవాటుగా నిలిచినది.

దానిని కదలించినది గాలిసంచి. అమెరికాలో 1991 నాటి చట్టము ననుసరించి 1998 నమూనా సంవత్సరమునుండి కార్లన్నిటికి ముందరి గాలిసంచులు తప్పనిసరియైనవి. భారతదేశములో క్రొత్త కార్లకు చోదకుని వైపు గాలిసంచి 2019 జూలై నుండి తప్పనిసరి. ఈ సంచి చక్రపు నడుమ మడచి ఉండి, ఢీకొన్నపుడు సెకనులో ఇరవయ్యవవంతు కాలములో ఉబ్బును. ఆ మార్గమునకు అడ్డముగా ముంజేయి ఉన్నచో, సంచి ఆ చేతినే చోదకుని మొగముపైకి విసరును. కావుననే అమెరికా జాతీయ రహదారి భద్రతా సంస్థ చేతులను తొమ్మిది, మూడు అంకెల చోట ఉంచుమని చెప్పుచున్నది. రొమ్ముటెముకకును చక్రపు నడిమికిని కనీసము 10 అంగుళముల ఎడము ఉండవలెననియు హెచ్చరించుచున్నది. పొట్టివారు చక్రమునకు దగ్గరగా కూర్చుండవలసివచ్చును గనుక వారికి ఈ హెచ్చరిక మరింత వర్తించును.

తొమ్మిది–మూడు సరియైన చోటు. ఇందులో వివాదము లేదు. కాని "అది సరియైన చోటు గనుక అచ్చటనే వేడి నిచ్చిన చాలును" అనుట తర్కమునకు నిలువదు. దానికి మూడు కారణములు కలవు.

చక్రము తిరుగును

మొదటి కారణము మిక్కిలి సులభమైనది. బహుశః అందువలననే మరువబడినది. వెచ్చని తునకలు చక్రమునకు అతుకబడి ఉన్నవి గాని, చేతుల కెదురుగా గాలిలో నిలిచిలేవు. చక్రమును పావుచుట్టు త్రిప్పగనే తొమ్మిది–మూడు చోట్లనున్న వేడి పన్నెండు–ఆరు చోట్లకు పోవును. చేతుల ముందునకు చల్లని చెక్క వచ్చును. నేరైన రాజమార్గమున చక్రము అంతగా తిరుగదు గనుక లోపము కానరాదు. మంచు నిండిన వీథిలో మూల తిరుగునపుడు, ఇరుకైన చోట కారు నిలుపునపుడు చక్రమును చుట్టులకొలది త్రిప్పవలెను. సామాన్యమైన కారులో ఒక కొసనుండి మరియొక కొసకు రెండున్నర లేక మూడు చుట్లుండును. ఇంటినుండి బయలుదేరిన మొదటి నిమిషములలోనే ఈ త్రిప్పుట ఎక్కువ. చేతులకు చలి అధికముగా ఉండు సమయమును అదియే. అవసరము హెచ్చైనచోటనే ఉపకరణము ముఖము చాటువేయుచున్నది.

రెండవ కారణము, సరిగా నేర్చినవాని చేతులు కూడ ఒకచోట ఉండవు. బ్రిటనులో పోలీసు చోదకుల శిక్షణకై ఏర్పడి 1955లో తొలిసారి అచ్చైన "రోడ్‌క్రాఫ్ట్" అను గ్రంథము ద్వారా ప్రసిద్ధమైన పద్ధతిలో, ఒక చేయి చక్రమును లాగుచుండగా రెండవ చేయి తన వైపు అంచుపై జారుచు పోయి తరువాతి పట్టునకు సిద్ధముగా ఉండును. ఎడమచేయి ఎడమ సగమును, కుడిచేయి కుడి సగమును దాటవు. కాని ఆ సగములో పైనుండి క్రిందివరకు అంతటను సంచరించును. ముంజేతులు గాలిసంచి కడ్డముగా పోకుండుట ఈ పద్ధతిలోని గుణము. ఇట్లు నడుపువానికి చక్రపు అంచంతయు పనిముట్టే. రెండు తునకల చక్రము ఈ క్రమశిక్షణగల చోదకునికే ఎక్కువ అన్యాయము చేయును.

ఇందులో ఒక అపాయము కూడ ఉన్నది. చలికి ముడుచుకొన్న చేయి వెచ్చనిచోటును విడువనొల్లదు. చక్రము తిరిగినను వెచ్చని తునకను అట్లే పట్టుకొని పోయినచో చేతులు ఒకదానిపై నొకటి అడ్డముగా పడును. ఒక ముంజేయి సరిగా గాలిసంచి మూతపైకి వచ్చును. చేతులను క్షేమమైన చోట నిలుపుటకే వేడి నిచ్చితిమనువారి ఏర్పాటు, మలుపులో చేతులను అపాయమైన చోటికి తీసికొనిపోవచ్చును. విజయవాడ ఎండలో చర్మము చేతులను క్రిందికి దించినట్లే, విన్నిపెగ్ చలిలో చర్మము చేతులను కట్టివేయును. రెండుచోట్లను పాఠము ఓడిపోయినది, గెలిచినది ఉష్ణోగ్రతయే.

మూడవ కారణము, యంత్రమే ఈ ఊహను ఒప్పుకొనుట లేదు. బాట గీతల మధ్య కారును నిలుపుటకు తోడ్పడు ఏర్పాట్లు గల వాహనములలో చేతులు చక్రముపై ఉన్నవో లేవో కారు కనిపెట్టుచుండవలెను. అట్టి ఒక ఏర్పాటును గూర్చి ఐక్యరాజ్యసమితి వారి 79వ వాహన నిబంధన, చేతులు విడిచిన 15 సెకనులలోగా చోదకుని హెచ్చరింపవలెనని విధించుచున్నది. దీనికై అనేక నమూనాలలో అంచు క్రింద స్పర్శను గుర్తించు విద్యుత్పొరను పరతురు. చేయి పైన ఉన్నను, క్రింద ఉన్నను గుర్తింపవలెను గనుక ఈ పొరను రెండు తునకలకే పరిమితము చేయుట చాలదు. చేతులు ఎచ్చటనైన ఉండునని గుర్తింపుపొరకు తెలిసినపుడు, వేడి పొరకు తెలియకపోవుట విడ్డూరము కాదా?

కుర్చీకి వర్తించినది చక్రమునకు వర్తింపదు

ఈ పొరపాటునకు మూలము కుర్చీనుండి వచ్చియుండవచ్చును. వేడెక్కు కుర్చీ చక్రముకంటె ముందే ప్రసిద్ధికెక్కినది. 1966లోనే అమెరికాలో కాడిలాక్ కార్లలో అదనపు ఏర్పాటుగా లభించెను. కుర్చీలో మనిషి కూర్చుండు చోటు మారదు. వీపు తగులుచోట తీగ వేసిన చాలును. అంచులకు వేయుట వృథా. ఆ తర్కము అచ్చట ఒప్పు. చేయి వీపు వంటిది కాదు. అది పని చేయు అవయవము. పని ఉన్నచోటికి పోవుటయే దాని స్వభావము. నిలుకడగల అవయవమునకు కుట్టిన చొక్కా కదలు అవయవమునకు తొడిగిన బిగుతు కాక తప్పదు.

ఇంతమాత్రమున చోదకునికి దోషము లేదని కాదు. ఒక చేతిని పన్నెండు అంకె మీద వ్రేలాడవేసి, రెండవ చేతిని ఒడిలో పెట్టుకొని నడుపువారు అన్ని దేశములలోను కలరు. వారిని సరిదిద్దవలసినదే. కాని సరిదిద్దుట శిక్షకుని పని. పై భాగమును చల్లగా ఉంచి వారికి బుద్ధి చెప్పుదమనిన, వారు చేతిని దించి ఒడిలోనే దాచుకొందురు గాని తొమ్మిది–మూడు చోట్లకు తేరు. ఎచ్చట పట్టుకొనవలెనో తెలియనివానికి చల్లని చెక్క ఆ సంగతి చెప్పదు, తెలిసినవానికి చెప్పనక్కరలేదు. శిక్షగా వాడిన అసౌకర్యము నేరస్థుని వదలి, మలుపు తిరుగుచున్న నిరపరాధిని తాకుచున్నది.

చేయదగినదేమి?

దిద్దుబాటు కష్టమైనది కాదు. తీగను అంచు చుట్టంతయు త్రిప్పుట మొదటి పని. అట్లు చేసిన చక్రములు ఇప్పటికే ఉన్నవి గనుక ఇది అసాధ్యమని ఎవరును చెప్పలేరు. పొదుపే ముఖ్యమనువారు, గుర్తింపుపొర సహాయముతో చేతులున్న భాగమునకు ఎక్కువ వేడిని, మిగిలినదానికి గోరువెచ్చదనమును ఇచ్చు ఏర్పాటును ఆలోచింపవచ్చును. చెక్క అందముకొరకే అయినచో, దానిని చేతికి తగులని చక్రపు కమ్మీలపై పొదుగవచ్చును. ఇవన్నియు కుదరనపుడు కనీసము ఏ భాగము వేడెక్కునో, ఏ భాగము వేడెక్కదో అమ్ముటకు ముందే స్పష్టముగా చెప్పవలెను. కెనడాలోను, అమెరికా ఉత్తర రాష్ట్రములలోను స్థిరపడిన తెలుగువారు మొదటి చలికాలమునకు ముందు కారు కొనునపుడు ఈ ప్రశ్న నడుగుట మంచిది. అంగడిలోని వెచ్చని గదిలో చక్రపు రెండు ప్రక్కలను తాకి తృప్తిపడక, మీట నొక్కి కొన్ని నిమిషము లాగి, అంచు చుట్టంతయు చేయి త్రిప్పి చూడవలెను.

ఒక పనిముట్టు గుణము, అది ఊహించుకొన్న మనిషికి ఎంత తగినదో దానిని బట్టి కాక, నిజముగా దానిని పట్టుకొన్న మనిషికి ఎంత తగినదో దానిని బట్టి నిర్ణయింపబడవలెను. రెండు తునకల వెచ్చని చక్రము బొమ్మలోని చోదకునికి చక్కగా సరిపోవును. అతని కారు కదలదు, అతని బాటకు మలుపు లేదు. మంచు వీథిలో మలుపు తిరుగువానికి కావలసినది వేరు. వేడి యున్నచోటికి చేయి పోవుట కాదు, చేయి పోయినచోట వేడి యుండుట ఈ ఉపకరణమునకు ధర్మము.